నూనె ఎక్కణ్ణించి వస్తుందో చెప్పండి, సబ్బు లాభమో కాదో నేను చెబుతాను

ప్రశ్న: "ఇంట్లో ఐదుగురం. బోరు నీళ్లు. సర్ఫుకీ సబ్బులకీ కలిపి నెలకి 500 దాటిపోతోంది. వీడియోల్లో చూపించినట్టు ఇంట్లోనే బట్టల సబ్బు చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?"

వంటకి వాడేసిన నూనెతో చేస్తే మిగులుతుంది. నూనె కొని చేస్తే మాత్రం పైసా మిగలదు, పైగా చేతి డబ్బు పడుతుంది. ఇది ఆరేళ్లుగా సబ్బు చేస్తున్న మనిషిగా బల్లగుద్ది చెబుతున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ. స్టేషన్ దగ్గర చిన్న టిఫిన్ హోటలు మాది. పొద్దున పూరీ, ఇడ్లీ, సాయంత్రం బజ్జీలు, పునుకులు. చేతులు తుడిచే గుడ్డలు, బల్లలు తుడిచే గుడ్డలు, పనివాళ్ల బనీన్లు, మా ఇంటి బట్టలు, అన్నీ కలిపి రోజుకి మూడు బకెట్లు. నూనె మరక బట్ట ఉతికినవాళ్లకే తెలుస్తుంది, ఎంత పొడి పోసినా నీళ్లు మురికవుతాయి గానీ ఆ జిడ్డు చేతికి తగులుతూనే ఉంటుంది.

మీరు చూసిన వీడియోలు నేనూ చూశాను. కొట్లో కొన్న సబ్బుని కొబ్బరికాయ కోరినట్టు కోరి, అందులో బట్టల సోడా (వాషింగ్ సోడా), వెలిగారం (బోరాక్స్) కలిపి, వేడినీళ్లు పోసి "పది లీటర్ల లిక్విడ్ తయారైపోయింది" అంటారు. అది సబ్బు చేయడం కాదండీ, కొన్న సబ్బుకి నీళ్లు కలపడం. పది లీటర్లు కనబడుతుంది కాబట్టి గ్లాసులు గ్లాసులు పోసేస్తాం, నెల తిరక్కుండా అయిపోతుంది. ఇంకొందరు వెనిగరూ వంటసోడా కలిపి ఆ పొంగు చూపించి మురికంతా పోతుందంటారు. ఒకటి పులుపు, ఒకటి క్షారం. రెండూ ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటాయి. పొంగు చల్లారాక ఆ నీళ్లలో ఉతికే శక్తి ఏం మిగిలింది? ఇలాంటివి చూసి ఆడవాళ్లు మధ్యాహ్నం నిద్ర మానుకుని సబ్బులు తురుముకుంటూ కూచుంటుంటే నాకు కడుపు మండుతుంది.

అసలు సబ్బుకి కావలసినవి నూనె, కాస్టిక్ సోడా (ఒంటిని కాల్చే ఘాటు క్షారం, బట్టల సోడా వేరు), నీళ్లు. ఆ కాస్టిక్ దగ్గరే నేను దెబ్బ తిన్నాను. మీరు తినకూడదని అదంతా రాస్తున్నాను.

2019 మే నెల. హోటల్లో మిగిలిన నల్ల నూనె రెండు డబ్బాలు పేరుకుపోయింది. పెరట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దాని పక్కనే అరుగు మీద మా పెద్ద సత్తు (అల్యూమినియం) డేకిసా పెట్టాను. నా పెళ్లిలో సారె కింద మా అమ్మావాళ్లు పెట్టినది, పాతిక మందికి అన్నం వండొచ్చు దాన్లో. పెద్దది కదా పొంగినా పర్లేదనుకున్నాను తప్ప ఇంకేం ఆలోచించలేదు. నీళ్లు పోసి, కాస్టిక్ పలుకులు గ్లాసుతో కొలిచి గుమ్మరించాను. మొదట సోడాసీసా మూత తీసినట్టు చిన్న చిన్న బుడగలు. పది లెక్కపెట్టేలోగా డేకిసా నిండా బూడిదరంగు నురగ, బుసకొడుతూ పైకి లేచింది. ఆ ఆవిరి పీలిస్తే గొంతులో గీరినట్టయింది. దించేద్దామని అంచు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. మా చిన్నది అరుగు కింద ఆడుకుంటోంది.

మా అత్తగారు వాకిట్లోంచి చూసి కేకేశారు. "ఓలమ్మో, సత్తు దాన్లో యేసీసినావేటే! పొయ్యార్పీ ముందు! పిల్లని అవతలికి లాగీ!"

నాకంటే ముందు ఆవిడే వచ్చి పొయ్యి మీద నీళ్లు కుమ్మరించారు. పప్పూ పోయింది, నిప్పూ పోయింది. ముందు పొయ్యే ఎందుకు ఆర్పమన్నారో నాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత కెమిస్ట్రీ చదివే మా మేనల్లుడు చెప్పాడు. కాస్టిక్ నీళ్లు సత్తుని తినేస్తాయట, తినేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుందట, అది నిప్పు తగిలితే భగ్గుమనే వాయువట. ఆవిడకి హైడ్రోజన్ పేరు తెలీదు. కాస్టిక్ ఉన్నచోట సత్తూ ఉండకూడదు, నిప్పూ ఉండకూడదని తెలుసు. అంతకంటే ఏం కావాలి?

సాయంత్రానికి అంతా చల్లారాక డేకిసా కడిగి ఎండకేసి పట్టుకుని చూశాను. అడుగున మూడు చోట్ల వెలుతురు కనబడింది. మిగతా అడుగంతా అప్పడంలా పల్చబడిపోయింది. ఆ రోజు నేను ఏడ్చింది కాలిన చేతికి కాదు, ఆ డేకిసాకి. నా ఎడమ మణికట్టు మీద పెసరగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. తుంపర పడగానే నిమ్మకాయ రాయబోతే అత్తగారు చెయ్యి లాగి కుళాయి కింద పెట్టి పావుగంట సేపు కదలనివ్వలేదు. మీరూ అంతే చేయండి. నీళ్లు, ఇంకా నీళ్లు. నిమ్మరసాలూ వెనిగర్లూ వద్దు.

అత్తగారిది గుణుపురం. ఆవిడ ఇప్పటికీ మా ఊరు కొరాపుట్ జిల్లా అనే అంటారు, 1992లో రాయగడ వేరే జిల్లా అయిన సంగతి ఆవిడ లెక్కలో లేదు. చిన్నప్పుడు వాళ్లింట్లో సబ్బు ఇప్పనూనెతో చేసేవారట. కొండమీంచి సవర ఆడవాళ్లు సంతకి ఇప్పపలుకులు తెస్తే కొని, గానుగ ఆడించి, దీపానికి కొంత, సబ్బుకి కొంత. చలికాలంలో ఆ నూనె నెయ్యిలా పేరుకునేది, దాంతో చేసిన సబ్బు వంశధార నీళ్లలో ఉతికితే నురగ తక్కువైనా జిడ్డు మాత్రం ఇట్టే వదిలేదని చెబుతారు. అందుకే రెండోసారి పని మొత్తం ఆవిడే చేయించారు.

ఇప్పుడు మేం చేసేది ఇలా. వాడిన నూనెని ముందు ఉప్పునీళ్లు పోసి ఒక ఉడుకు ఉడికించి, రాత్రంతా కదపకుండా ఉంచుతాం. మాడిన పిండి, ఉల్లిపాయ మసి అడుక్కి దిగుతాయి, పైన తేరిన నూనెని గుడ్డలో వడకట్టి తీసుకుంటాం. కిలో నూనెకి 130 గ్రాముల కాస్టిక్, 300 గ్రాముల నీళ్లు. ఇది మేం వాడే పామాయిలుకీ సన్‌ఫ్లవర్‌కీ సరిపోయే లెక్క. ఇప్పనూనెకీ దాదాపు ఇంతే. కొబ్బరినూనె అయితే కిలోకి 170, 180 గ్రాములు తాగుతుంది. ఏ నూనెకి ఎంతో తెలుసుకోకుండా గ్లాసులతో, చెంచాలతో కొలవకండి, కాటా మీద పెట్టి తూయండి. కాస్టిక్ ఎక్కువైతే బట్ట చిరుగుతుంది, చేతులు పగులుతాయి. కొద్దిగా తక్కువైతే నష్టం లేదు, సబ్బు కాస్త మెత్తగా ఉంటుంది.

స్టీలు గిన్నెలో గానీ మందపాటి ప్లాస్టిక్ బకెట్లో గానీ ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోశారో, ఎగిరి మొహాన పడుతుంది. పొయ్యి అక్కర్లేదు, దానంతట అదే పొగలు కక్కేంత వేడెక్కుతుంది. అది గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి నూనెలో పోసి తిప్పాలి. ఎంతసేపంటే, బజ్జీల పిండి గరిటెతో ఎత్తి వదిలితే ఆ ధార పిండి మీద ఒక క్షణం గీతలా నిలబడుతుంది చూడండి, అక్కడికి వచ్చేదాకా. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంటంబావు. వాడిన నూనె త్వరగా చిక్కబడుతుందని నా అనుభవం. తర్వాత పాలప్యాకెట్ల కవర్లు పరిచిన చెక్కపెట్టెలో పోసి, మర్నాడు కత్తితో బిళ్లలు కోసి అటక మీద నాలుగు వారాలు ఆరబెడతాం. ఈ నాలుగు వారాలూ ఎవరూ ఆగరు. అందుకే ఇంటి సబ్బు చేతులు కోసేస్తుందని చెడ్డపేరు. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పిల్లలు లేని టైం చూసుకోండి. బాత్రూం గొట్టాలు శుభ్రం చేసే పొడి తెచ్చి కాస్టిక్ అనుకుని వాడకండి, దాన్లో ఇంకేవేవో కలిపి ఉంటాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. కాస్టిక్ నాకు కిలో 100 రూపాయలకి దొరుకుతోంది. కిలో వాడిన నూనెకి 13 రూపాయల కాస్టిక్. ఆరాక కిలో రెండొందల గ్రాముల సబ్బు వస్తుంది. మాకు నెలకి 5 కిలోల నూనె మిగులుతుంది, అంటే 65 రూపాయలతో 6 కిలోల సబ్బు. అదే మీరు కొత్త పామాయిలు 130 పెట్టి కొని చేస్తే కిలో సబ్బు 120 దాకా పడుతుంది. కొట్లో బట్టల సబ్బు 70, 80కి వస్తున్నప్పుడు ఇదెందుకు? ఇక కొబ్బరినూనెతో బట్టలసబ్బు చేసి "పొదుపు" అని పేరుపెట్టేవాళ్లని చూస్తే కొబ్బరినూనె రేటు తెలియదా అనిపిస్తుంది.

మా మరిది అయితే ప్యాకెట్లు కట్టి అమ్మేద్దాం వదినా అంటాడు. నిర్మా కథ చెబుతాడు, 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో పొడి కలిపి సైకిలు మీద తిరిగి అమ్మాడు కదా అని. ఆయన కెమిస్ట్రీ చదువుకుని ల్యాబులో పనిచేసిన మనిషి. సైకిలు సంగతి అందరూ చెబుతారు, ఆ చదువు సంగతి ఎవరూ చెప్పరు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఈ నూనె గురించే. సబ్బు మొదలుపెట్టకముందు మా హోటల్లో నూనె ఎన్నిసార్లు కాగేదో చెప్పడానికి సిగ్గేస్తోంది. పొద్దున పూరీల నూనె సాయంత్రం బజ్జీలకి, మర్నాడు దాన్లోనే కొత్త నూనె కలిపి మళ్లీ. మా ఆయన చెడ్డవాడు కాదు, డబ్బు పెట్టి కొన్న నూనెని కాలవలో పోయడానికి చెయ్యి రాదు, అంతే. పోస్తే కాలవ కూడా పూడుకుపోతుంది. ఒకతను వచ్చి లీటరింతని కొనుక్కుని పోయేవాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో కనుక్కుంటే చౌకగా తోపుడుబళ్లకే అమ్ముతున్నాడు. మా బజ్జీల నూనె ఇంకో బండి మీద ఇంకో పిల్లాడి పకోడీ అవుతోంది. మరిగిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే వంటకి వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. నిబంధన ఉంది, కొలిచే మీటరు మా వీధిలో ఎవరి దగ్గర ఉంది? సబ్బు మొదలయ్యాక ఆ నల్ల నూనెకి పోయేచోటు దొరికింది. ఇప్పుడు మా ఆయనే రెండో వాయి అవగానే "ఇది సబ్బు డబ్బాలో పోయీ" అంటాడు.

మీది బోరు నీళ్లన్నారు. అది పెద్ద విషయమే. ఈ సబ్బు గట్టి నీళ్లలో నురగ ఇవ్వదు. నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా బట్టకి పట్టుకుంటుంది, నాలుగు ఉతుకులకి తెల్లబట్ట బూడిదరంగుకి తిరుగుతుంది. సబ్బు బాగాలేదని అందరూ అనుకునేది దీనివల్లే. ఎండల్లో కుళాయి రాక బోరు మీద పడ్డప్పుడు మాకూ అదే అయింది. బకెట్టు నీళ్లలో ముందు ఒక చెంచా బట్టల సోడా వేసి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత బట్టలు వేసి సబ్బు పెట్టండి. సోడా ఆ సున్నాన్ని ముందే పట్టుకుంటుంది. వాననీళ్లు దొరికిన రోజు ఉతికి చూడండి, అదే బిళ్ల ఎంత నురగ ఇస్తుందో. ముందు తలుపున్న మిషన్లో మాత్రం వేయకండి, తెట్టు లోపల పేరుకుంటుంది.

పట్టుకీ ఉన్నికీ ఈ సబ్బు ముట్టించొద్దు. క్షారం ఆ దారాన్ని తినేస్తుంది. నా బరంపురం పట్టుచీరని అత్తగారు ఇప్పటికీ కుంకుడుకాయ రసంలో ముంచి, పిండకుండా నీడలో ఆరేస్తారు.

ఇక మీ ఇంటి మట్టుకు. ఐదుగురికి వండే ఇంట్లో నెలకి పావుకిలో వాడిన నూనె కూడా మిగలదు, మిగలకూడదు కూడా. దాంతో రెండు బిళ్లలు వస్తాయి. నలుగురైదుగురు ఇరుగుపొరుగుది పోగేసుకుంటే ఒక వాయికి సరిపోతుంది. లేదంటే మీ వీధి చివర బజ్జీల బండి ఉంటుంది కదా, రాత్రి కట్టేసే వేళకి వెళ్లి ఆ అడుగు నూనె నాకివ్వు బాబూ అని అడగండి. నెల పోయాక రెండు బిళ్లలు ఆయనకీ పట్టుకెళ్లి ఇవ్వండి.