గైడ్ చెప్పరు, ఆఫీసు పిలవదు: అమెరికాలో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేస్తున్న మనవాళ్లకి

పోయిన నెల వరంగల్ అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. పీహెచ్‌డీ ఐదో ఏడు, వచ్చే వేసవిలో డిఫెన్స్ (థీసిస్‌ని కమిటీ ముందు సమర్థించుకునే చివరి పరీక్ష), ఆ తర్వాత ఏమిటో తెలియదు. "అక్కా, మా గైడ్ పోస్ట్‌డాక్ చేయమంటున్నారు, నాన్నేమో ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చదువు అంటున్నారు, నాతో విమానం ఎక్కి ఎంఎస్‌కి వచ్చినవాళ్లు ఇళ్లు కొనేసుకున్నారు" అంటూ ఏడ్చేసింది. కాసేపు ఏడవనిచ్చి, మీ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌కి ఎప్పుడైనా వెళ్లావా అని అడిగాను. "అది ఎంఎస్ వాళ్లకి కదక్కా" అంది. నేనూ ఇదే మాట అనుకుంటూ నాలుగేళ్లు గడిపాను. అందుకే ఆ రాత్రి ఆమెకి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం, వేరే దేశాల్లో వీసాల లెక్క వేరు.

మనం పెరిగిన పద్ధతిలో గైడ్ అంటే గురువు. ఆయన చెప్పిన పని చేస్తే మిగతాది ఆయనే చూసుకుంటారని మనసులో ఎక్కడో ఉంటుంది. ఇక్కడ అలా జరగదు, అందులో ఆయన తప్పేమీ లేదు. చాలామంది ప్రొఫెసర్లు పీహెచ్‌డీ నుంచి పోస్ట్‌డాక్‌కి, అక్కడినుంచి ప్రొఫెసర్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లే. కంపెనీకి రెజ్యూమే రాసిన అనుభవం వాళ్లకి లేదు, తెలిసిన దారినే చూపిస్తారు. పైగా మీరు చేతి నిండా పని నేర్చుకున్న సమయంలోనే ల్యాబ్‌కి మీ అవసరం ఎక్కువ. కాబట్టి పరిశోధన విషయం గైడ్ దగ్గర, బతుకుదారి విషయం ఇంకో నలుగురి దగ్గర మాట్లాడాలి.

ఆ నలుగురు క్యాంపస్‌లోనే ఉంటారు. గ్రాడ్యుయేట్ స్కూల్‌లో ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ పేరుతో ఒక విభాగం, కెరీర్ సెంటర్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ వాళ్ల కోసమే ఒక సలహాదారు, పెద్ద యూనివర్సిటీల్లో పోస్ట్‌డాక్ ఆఫీసు. పోస్ట్‌డాక్‌లే ఎక్కువ నష్టపోయేది, ఎందుకంటే వాళ్లు విద్యార్థులూ కారు, పర్మనెంట్ ఉద్యోగులూ కారు, ఎవరి జాబితాలోనూ వాళ్ల పేరుండదు. ఈ బాధ మీదే 2003లో నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ అసోసియేషన్ పుట్టింది. మీ యూనివర్సిటీ అందులో సభ్యురాలైతే మీకు ఉచితంగా సభ్యత్వం వస్తుంది, ఒకసారి కనుక్కోండి. 2013లో ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) 'బెస్ట్' అనే పథకం పెట్టి 17 సంస్థలకి డబ్బిచ్చింది, ప్రొఫెసర్ ఉద్యోగం కాకుండా మిగతా దారులకి కూడా పీహెచ్‌డీ వాళ్లని తయారు చేయమని. ఆ డబ్బు ఆగిపోయినా, అప్పుడు మొదలైన కోర్సుల్లో కొన్ని ఇంకా నడుస్తున్నాయి. కానీ వచ్చి మిమ్మల్ని పిలిచేవాళ్లుండరు, ఈమెయిల్ వస్తుంది, మనం చదవకుండా తీసేస్తాం.

నేను మొదటిసారి కెరీర్ సెంటర్‌కి వెళ్లింది ఐదో ఏడులో, ఏడు పేజీల సీవీ పట్టుకుని. ఎదురుగా కూర్చున్నావిడ మొదటి పేజీ చదివింది, రెండోది చదివింది, మూడో పేజీలో నా పోస్టర్ ప్రెజెంటేషన్ల జాబితా దగ్గర ఆగి, కాగితం బల్ల మీద పెట్టి, "మీరు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లి ఏం చేస్తారో చెప్పండి" అంది. చెప్పాను. ప్రొటీన్లు శుద్ధి చేస్తాను, మాస్ స్పెక్ట్రోమీటర్ పాడైతే నేనే చూస్తాను, కంపెనీ ఇంజనీరుతో నేనే మాట్లాడతాను, కొత్తగా చేరినవాళ్లకి దాని మీద పని నేర్పిస్తాను. ఆవిడ పెన్సిల్ తీసుకుని నేను చెప్పినవన్నీ సీవీ మార్జిన్‌లో రాస్తూ పోయింది. రాయడం అయ్యాక కాగితం నా వైపు తిప్పింది. మార్జిన్‌లో ఉన్న ఒక్క ముక్క కూడా ఆ ఏడు పేజీల్లో లేదు. కంపెనీవాళ్లు చూసేది మార్జిన్‌లో ఉన్నదే అంది. వారం తిరిగేసరికి అది రెండు పేజీల రెజ్యూమే అయింది. ప్రొఫెసర్ ఉద్యోగానికి పొడుగు సీవీ, కంపెనీకి పొట్టి రెజ్యూమే, రెండూ వేరని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

రెండో ఏడులో ఉన్నవాళ్లు ముందు ఐడీపీ (ఇండివిడ్యువల్ డెవలప్‌మెంట్ ప్లాన్, అంటే మీ సొంత కెరీర్ ప్రణాళిక) రాయండి. ఏం చేయగలం, ఏది ఇష్టం, జీవితంలో ఏది ముఖ్యం, వచ్చే ఏడాదిలో ఏం నేర్చుకోవాలి, ఇంతే అందులో ఉండేది. సైన్స్ వాళ్లకి 2012 నుంచి మైఐడీపీ అనే సైట్ ఉంది, ఉచితం. హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ వాళ్లకి ఇమాజిన్ పీహెచ్‌డీ ఉంది. నింపడానికి రెండు గంటలు చాలు, దాన్ని గైడ్ ముందు పెట్టి మాట్లాడటమే మనకి కష్టం. పేరు పెట్టి పిలవడానికే ఏడాది పడుతుంది మనకి, ఇక "నేను ప్రొఫెసర్ కాకపోవచ్చు" అని ఎలా చెప్తాం? దీనికి ఒక మంచి ఊతం దొరికింది. 2024 మే నుంచి, ఎన్‌ఎస్‌ఎఫ్ (సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంటులోంచి ఏడాదిలో కనీసం ఒక నెల జీతం అందుకునే ప్రతి పీహెచ్‌డీ విద్యార్థికీ, పోస్ట్‌డాక్‌కీ ఐడీపీ ఉండాలి, ఏటా దాన్ని మార్చి రాయాలి అని నిబంధన. మీ జీతం ఆ గ్రాంటులోంచి వస్తుంటే, "ఇది ఎన్‌ఎస్‌ఎఫ్ అడుగుతోంది, ఒక అరగంట కూర్చుందామా" అనండి, మాట దానంతటదే మొదలవుతుంది.

ఇక వీసా. మన అమెరికన్ స్నేహితుడు డిఫెన్స్ అయ్యాక ఆరు నెలలు అమ్మావాళ్లింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కోగలడు, మనకి ఆ వీలు లేదు. ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఓపీటీకి, అంటే చదువయ్యాక కొన్నాళ్లు ఇక్కడే పని చేసే అనుమతికి, చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచి, ముగిశాక 60 రోజుల లోపు అప్లై చేయాలి. అది 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకి ఇంకో 24 నెలలు పెరుగుతుంది, అయితే ఆ పెంపుకి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగులకి పని అనుమతి ఉందో లేదో ప్రభుత్వంతో సరిచూసుకునే వ్యవస్థ) ఉండాలి. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అంటే వెతుకులాట డిఫెన్స్‌కి కనీసం ఏడాది ముందు మొదలవ్వాలి. పీహెచ్‌డీ మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ, అంటే చదువు మధ్యలో పని చేసే అనుమతి, కావాలి. దానికి ముందు మాట్లాడాల్సింది యూనివర్సిటీలో విదేశీయుల వీసాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసుతో, తర్వాత గైడ్‌తో. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ పోతుంది, ఒక వేసవి చేస్తే ఏమీ కాదు.

ఇండియా నుంచి నేరుగా పోస్ట్‌డాక్‌కి వచ్చేవాళ్లు ఎక్కువమంది జే1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద వస్తారు. రిసెర్చ్ స్కాలర్ కేటగిరీలో ఐదేళ్ల వరకు ఉండొచ్చు, అది ముగించి వెళ్లిపోతే అదే కేటగిరీలో మళ్లీ రావడానికి రెండేళ్లు ఆగాలి. ఇంకోటి ఉంది, రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలనే షరతు. అది పడిందా, హెచ్‌1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ తీసుకోవాలంటే ముందు వేవర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) తెచ్చుకోవాలి. 2024 డిసెంబరులో స్కిల్స్ లిస్టు (ఆ షరతు ఏ దేశాల, ఏ రంగాల వాళ్లకి పడుతుందో చెప్పే జాబితా) నుంచి ఇండియాని తీసేశారు కాబట్టి ఆ కారణంతో ఇప్పుడు పడదు, కానీ ప్రభుత్వ సొమ్ముతో ఫెలోషిప్ మీద వచ్చినవాళ్లకి పడుతుంది. మీ వీసా స్టాంపు మీదా, డీఎస్-2019 (జే1 కోసం మీ సంస్థ ఇచ్చిన పత్రం) మీదా ఏం రాసుందో ఈ రోజే చూసుకోండి. జే1లో మంచి సంగతి, భార్యకో భర్తకో జే2 మీద పని చేసే పర్మిట్ అప్లై చేయొచ్చు. హెచ్‌1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్4లో అది అంత తేలిక కాదు, ఇంట్లో ఇద్దరూ చదువుకున్నవాళ్లయితే ఆఫర్ ఒప్పుకునేముందే ఇది మాట్లాడుకోవాలి.

హెచ్‌1బీలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక చోట. యూనివర్సిటీ ఇచ్చే హెచ్‌1బీకి లాటరీ లేదు, కాబట్టి ఆ బెంగ ఉండదు. రెండేళ్ల తర్వాత కంపెనీలో ఉద్యోగం దొరికితే అప్పుడు ఏటా ఇచ్చే 65,000 వీసాలు, దాని మీద ఇక్కడ మాస్టర్స్ లేదా అంతకుమించి చదివినవాళ్లకి ఇంకో 20,000, ఆ లాటరీలోకి వెళ్లాల్సిందే. రిజిస్ట్రేషన్ మార్చిలో, పని మొదలయ్యేది అక్టోబరులో. ఆఫర్ జూన్‌లో వస్తే మార్చి దాటిపోయింది, కంపెనీ తొమ్మిది నెలలు ఆగి, ఆపైన లాటరీలో పేరు వచ్చేదాకా ఆగదు. కంపెనీవైపు మనసున్నవాళ్లు ఓపీటీ చేతిలో ఉండగానే దూకడం మంచిదని నా అభిప్రాయం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పటినుంచి లెక్కలు ఇంకా మారాయి, కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని నిర్ణయం తీసుకోకుండా మీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి. గ్రీన్‌కార్డుకి ఈబీ2లో (పెద్ద చదువులున్న ఉద్యోగుల కేటగిరీ) మనవాళ్ల క్యూ పదేళ్ల పైమాటే. పరిశోధన చేసినవాళ్లకి ఈబీ1 (తమ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్ల కేటగిరీ) దారి ఉంది, దానికి పేపర్లు, సైటేషన్లతో పాటు ఇతరుల పేపర్లని సమీక్షించిన దాఖలా కూడా పనికొస్తుంది. గైడ్ మీ చేత రివ్యూలు రాయిస్తుంటే, "ఈసారి జర్నల్‌కి నా పేరు చెప్పగలరా" అని మెల్లగా అడగండి, అది మీకు న్యాయంగా రావాల్సిందే.

ఇప్పుడు నాకు జరిగింది. పోస్ట్‌డాక్‌లో చేరి పది నెలలైంది, ఓపీటీ మీద ఉన్నాను. ఒక శుక్రవారం సాయంత్రం గైడ్ పిలిచి, గ్రాంటు మళ్లీ రాలేదు, రెండు నెలలకి మించి జీతం ఇవ్వలేను అన్నారు. ఆ రాత్రి మా ఆయనా నేనూ క్యాలెండర్ ముందేసుకుని రోజులు లెక్కపెట్టిన సంగతి ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. నన్ను గట్టెక్కించింది అంతకు ఏడాదిన్నర ముందు తాగిన ఒక కాఫీ. ఆ పెన్సిల్ ఆవిడ బలవంతం మీద, మా డిపార్ట్‌మెంట్‌లోనే చదివి న్యూజెర్సీలో మందుల కంపెనీలో చేస్తున్న ఒక సీనియర్‌కి, పరిచయం లేకపోయినా, నాలుగు లైన్ల మెయిల్ రాశాను. ఉద్యోగం అడగలేదు. ఇరవై నిమిషాలు మాట్లాడతారా అని మాత్రమే అడిగాను. కలిసినప్పుడు "మీకు సోమవారం ఎలా గడుస్తుంది" అని అడిగితే గంటన్నర చెప్పింది. తర్వాత నా పేపర్ వచ్చినప్పుడొకసారి, పోస్ట్‌డాక్‌లో చేరినప్పుడొకసారి రెండు ముక్కలు రాశాను. గ్రాంటు సంగతి తెలిసిన రెండు రోజులకి, ఆదివారం, ఆమెకే రాశాను, మంగళవారానికి వాళ్ల టీమ్‌లో ఖాళీ గురించి జవాబొచ్చింది. మనకి ముక్కూమొహం తెలియనివాళ్లని పలకరించడం మొహమాటం, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని వెతుకుతాం. ఇక్కడ అదే కాలేజీలో చదివారంటే చాలు, తెలిసినట్టే. పదిమందికి రాస్తే ముగ్గురు జవాబిస్తారు, ఆ ముగ్గురు చాలు.

అందుకే పోస్ట్‌డాక్ ఆఫర్ ఒప్పుకునేముందు డబ్బు ఎన్నేళ్లకి ఉంది, గ్రాంటు ఎప్పుడు ముగుస్తుంది, నేను వెళ్లేటప్పుడు ఏ ప్రాజెక్టు నాతో తీసుకెళ్లొచ్చు, ఇవి రాతపూర్వకంగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనుకోవద్దు, అడగనివాళ్లనే వింతగా చూస్తారు. జీతం విషయంలో ఎన్‌ఐహెచ్ 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కి పెట్టిన అంకె 61,008 డాలర్లు, చాలా యూనివర్సిటీలు ఎన్‌ఐహెచ్ అంకెలనే కొలతగా పెట్టుకుంటాయి. సొంత గ్రాంట్ల గురించి కూడా ఒక మాట. ఎఫ్32 (ఎన్‌ఐహెచ్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్) లాంటివి సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ మాత్రమే, దాంతో మనవాళ్లు ఏదీ మనకి కాదని వదిలేస్తారు. కే99 (పోస్ట్‌డాక్ నుంచి ప్రొఫెసర్ అవ్వడానికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే గ్రాంటు) అలా కాదు, వీసా మీద ఉన్నవాళ్లూ పెట్టొచ్చు. ప్రొఫెసర్ అవ్వాలనుకునేవాళ్లకి దానంత బలమైనది తక్కువ. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు కాబట్టి రెండో ఏడులోనే రాయడం మొదలుపెట్టాలి.

కంపెనీకి వెళ్తే పీహెచ్‌డీ వృథా అయిందని బంధువులే కాదు, మన లోపల కూడా ఒక గొంతు అంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, ఫాస్ఫోక్రియాటిన్ (కండరాలకి శక్తినిచ్చే పదార్థం) మీద అంత పని చేసి కూడా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరక్క 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, పిల్లల రక్త కేన్సర్‌కి తొలినాళ్లలో వాడిన మందులు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, అన్నీ అక్కడ ఆయన నడిపించిన పరిశోధనలోంచి వచ్చినవే. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఆ మాత్ర మింగడం నేను చూశాను.

తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకీ దారులున్నాయి, రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్‌లు అలాంటివాళ్ల కోసమే వచ్చాయి. హైదరాబాద్ సీసీఎంబీ, ఐఐటీ, తిరుపతి ఐసర్, జీనోమ్ వ్యాలీ కంపెనీలు, వీటిలో చేస్తున్నవాళ్లకి కూడా అదే నాలుగు లైన్ల మెయిల్ రాయండి.

వరంగల్ అమ్మాయికి మంగళవారం పదిన్నరకి కెరీర్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ దొరికిందట. "ఏం పట్టుకెళ్లాలక్కా, సీవీ ఇంకా సరిగ్గా లేదు" అని మెసేజ్ పెట్టింది. ఉన్నది ఉన్నట్టే ప్రింట్ తీసుకో, మార్జిన్లు కాస్త వెడల్పుగా పెట్టు, నచ్చిన ఉద్యోగ ప్రకటనలు రెండు జత చేసుకో అని జవాబిచ్చాను.