80 దాటగానే స్టీరింగ్ వణుకు: అలైన్‌మెంట్ చేయించినా తగ్గకపోతే

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా వేగం గంటకి 80 కి.మీ. దాటగానే కారు స్టీరింగ్ వణుకుతోందన్నారు. దానితో తగ్గదండీ. అలైన్‌మెంట్ సరిచేసేది బండి ఒక పక్కకి లాగడాన్ని, టైరు ఒకవైపే అరగడాన్ని. వణుకుకి సాధారణంగా చేయించాల్సింది వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా రిమ్ముకి చిన్న బరువులు అంటించడం.

ముందు ఒకటి తేల్చుకోండి: వణుకు ఎప్పుడూ ఉందా, బ్రేకు తొక్కినప్పుడేనా? బ్రేకు తొక్కినప్పుడే అయితే బ్యాలెన్సింగ్‌కి డబ్బు తగలెయ్యకండి, మొదట అనుమానించాల్సింది బ్రేకు డిస్కుల్నే (చక్రంతో పాటు తిరిగే, బ్రేకు పట్టుకునే పళ్లేలు). వాటి మందం అన్నిచోట్లా ఒకేలా లేకపోతే ఇలాగే అవుతుంది. కనీస మందం సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా అరిగితే రెండు వైపులా మార్చాల్సిందే.

మామూలుగా వెళ్తున్నప్పుడు కూడా వణికితే, స్టీరింగ్‌లో తెలుస్తోంది కాబట్టి ముందు చక్రాలు చూడండి (వెనకవైతే ఎక్కువగా సీటులో తెలుస్తుంది). రిమ్ము లోపలివైపు ఎండిన బురద పేరుకుందా? అంటించిన బరువు ఊడి జిగురు మచ్చ మిగిలిందా? కడిగించాకే బ్యాలెన్సింగ్‌కి ఇవ్వండి. మెషిన్ మీద తిరిగేటప్పుడు రిమ్ము అంచు అటూ ఇటూ ఊగితే వంగినట్టే, ఎన్ని బరువులు అంటించినా లాభం ఉండదు.

టైరు సైడ్‌వాల్ (పక్కభాగం) ఉబ్బి ఉంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే టైరు మార్చండి. వేగంలో పేలొచ్చు.

ఇవేవీ కాకపోతే చక్రం పైకి లేపి, జాక్ స్టాండ్ పెట్టాకే, పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు) ఉంటే చక్రం తిరిగే బేరింగో, చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింటో. పక్కలు పట్టుకుని ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర). తిరిగి బిగించేటప్పుడు నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించమనండి.