మా అత్తగారికి ఏం చెప్పాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. సర్వైకల్ క్యాన్సర్ (గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్) రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టరు చెప్పారు. మా అత్తగారిది భద్రాచలం దగ్గర పల్లె. ఆ మాట వినగానే ‘అప్పట్లో హాస్టల్ పిల్లల ప్రాణం తీసిన సూది అది, మన పిల్లకి వద్దు’ అని గొడవ పెట్టుకున్నారు. పెళ్లి ఊసే లేని పిల్లకి ఇప్పుడెందుకని మా ఆయన అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, కొత్తగూడెం

జవాబు: మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తర్వాత అయిదుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

విచారణలో తేలిందేమిటంటే, ఒకమ్మాయి నీళ్లలో మునిగి, ఇద్దరు పురుగుమందు తాగి చనిపోయారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు. ఈ మరణాలకి టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని విచారణ కమిటీ చెప్పింది. మరి తప్పు జరగలేదా అంటే, జరిగింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక చూడండి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! అమ్మానాన్నలని అడిగిన పాపాన పోలేదు. మరణాల మీద విచారణ కూడా తూతూమంత్రంగా జరిగిందని సంఘం తప్పుపట్టింది. నన్నడిగితే ఆ ఊళ్లవాళ్లకి కోపం రాకపోతేనే ఆశ్చర్యం. ‘మీరన్నది నిజమే అత్తయ్యా, అడక్కుండా వేశారు’ అని ముందు ఒప్పుకోండి. టీకా సంగతి ఆ తర్వాత ఎత్తండి.

ఇక మీ వారి ప్రశ్న. ఈ క్యాన్సర్‌కి చాలావరకు కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్ శారీరక కలయిక వల్ల వస్తుంది. అది ఒంట్లోకి చేరకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. గోదావరి ఊళ్లోకి వచ్చాక కరకట్ట కట్టుకోం కదా! స్కాట్లండ్‌లో 2008 నుంచి బడిపిల్లలకి వేస్తున్నారు. పన్నెండు, పదమూడేళ్లప్పుడు వేయించుకున్నవాళ్లలో ఒక్కరికీ ఈ క్యాన్సర్ కనిపించలేదని 2024లో వెల్లడైంది. ఈ టీకా వేయించుకుంటే తర్వాత పిల్లలు పుట్టరని ఎవరైనా అంటే, అది ఉత్త పుకారు.

పదిహేనేళ్లలోపు మొదలుపెడితే మామూలుగా రెండు డోసులు, మధ్య ఆరు నెలలు ఎడం. ఆ వయసు దాటితే మూడు వేస్తారు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం రావచ్చు. ఈ వయసు పిల్లలు సూదికి బెదిరి కళ్లు తిరిగి పడిపోతుంటారు, అందుకే ఏదైనా తినిపించి తీసుకెళ్లండి. వేయించాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. కుదిరితే అత్తగారినీ వెంటబెట్టుకెళ్లండి. సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమని నర్సుని అడిగే హక్కు మీకుంది.

అన్నట్టు, మీ సంగతేమిటి? ఈ క్యాన్సర్‌కి 30 దాటిన ఆడవాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలి, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే. సర్కారు ఆసుపత్రిలో ఎప్పుడు చేస్తారో మీ ఏఎన్ఎమ్‌ని అడగండి.