ఐపీ (దివాలా పిటిషన్) పెట్టించే లాయరు ఉద్యోగం ఎలా ఉంటుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, రెండేళ్లు ప్రాక్టీస్ చేశాను. ఇప్పుడు హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద న్యూజెర్సీ వచ్చాను. ఇక్కడ లాయర్‌ని కాగలనా? దివాలా కేసులు, బిజినెస్ లా బాగుంటాయని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: కాగలరమ్మా. మీరుండేది న్యూజెర్సీ అయినా చూపు మాత్రం న్యూయార్క్ మీద పెట్టండి. మన ఎల్‌ఎల్‌బీ ఒక్కటే చాలదంటే, దానికి ఇక్కడి లా స్కూల్లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం (లా మాస్టర్స్) కలిపితే అక్కడ బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సు పరీక్ష, రాయనిస్తారు. అన్ని రాష్ట్రాలూ ఆ వెసులుబాటు ఇవ్వవు. అయితే ఏ ఎల్‌ఎల్‌ఎం పడితే అది చెల్లదు, ఆన్‌లైన్‌ది అసలే చెల్లదు. ఫీజు కట్టకముందే మీ డిగ్రీని బార్ బోర్డు చేత పరిశీలింపజేసుకోండి. దానికి నెలలు పడుతుంది. మార్కుల కాగితాలు యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలి కాబట్టి, ఆఫీసు చుట్టూ తిరగడానికి ఇంట్లో ఎవరినైనా ఇప్పుడే పురమాయించండి. హెచ్‌4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి.

ఇక పని సంగతి. మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటే అది సగం తిట్టు. ఇక్కడ అది ఫెడరల్ చట్టం ఇచ్చిన దారి. ఆ చట్టంలోని చాప్టర్ 7లో చాలా అప్పులు రద్దవుతాయి, 13లో మూడు నుంచి ఐదేళ్లు వాయిదాలు కడతారు, 11 ఎక్కువగా వ్యాపారాలకి. 2020 నుంచి చిన్న వ్యాపారాలకి ఆ 11లోనే సబ్‌చాప్టర్ 5 అనే తేలిక దారి వచ్చి ఖర్చు తగ్గింది. పిటిషన్ పడిన క్షణం నుంచి వసూలు ఫోన్లు ఆగాలి. ఆ రోజు క్లయింట్ మొహం చూడాలి మీరు!

కష్టమల్లా అతని చేత నిజం చెప్పించడమే. ఒకాయన, వివరాలు మార్చి చెబుతున్నాను, గ్యాస్ స్టేషన్ మునిగిపోతోందని తెలిసి ముందు బావమరిది చేబదులు తీర్చేశాడు. పరువు మరి. ఆరు నెలల తర్వాత నా దగ్గరికొచ్చాడు. దివాలాకి ముందు ఏడాదిలోపు బంధువులకి తీర్చిన బాకీని ట్రస్టీ, అంటే దివాలా ఆస్తి చూసే అధికారి, వెనక్కి రాబట్టొచ్చు. రాబట్టాడు కూడా. గుంటూరులో తన పేరున్న స్థలం సంగతి అడిగితే, ‘అది ఇండియాది కదండీ’ అన్నాడు. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా రాయాల్సిందే. ప్రమాణం చేయించి అడుగుతారు, దాస్తే జైలు దాకా పోవచ్చు. ఎల్‌ఎల్‌సీ (యజమాని సొంత ఆస్తికి అప్పులు అంటని కంపెనీ) ఉంది కదా అని ధీమాగా ఉన్నాడు గానీ, బ్యాంకు లోనుకి సొంత గ్యారంటీ సంతకం పెట్టిన సంగతే మర్చిపోయాడు.

అందుకే బిజినెస్ లా కూడా నేర్చుకోమంటాను. లీజు, లోను కాగితాలు సంతకానికి ముందే చదివి పెడితే ఇలాంటివి సగం తప్పుతాయి. చిట్టీ, చేబదులు, ప్రామిసరీ నోటు అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి లాయర్లకి మాత్రం అర్థం కావడానికే అరగంట పడుతుంది.

చాప్టర్ 7 ఫీజు ముందే తీసుకోవాలి. తర్వాత ఇస్తానంటే ఆ బాకీ కూడా రద్దయిపోతుంది! అప్పుల్లో ఉన్న మనిషిని డబ్బులడగడానికి మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు.

చేరేముందు ఒక రోజు న్యూజెర్సీలోని నెవార్క్ దివాలా కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరైనా వెళ్లొచ్చు. కొన్ని విచారణలు జూమ్‌లో జరుగుతాయి, క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి.