కొత్త పిస్తోలు గొట్టంలో మసి ఎందుకుంది?

ప్రశ్న: నేను టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. ఈ మధ్య ఒక దుకాణంలో గ్లాక్ 19 పిస్తోలు సరికొత్తదని చెప్పి అమ్మితే కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే గొట్టం లోపల నల్లగా మసి కనిపించింది. గొట్టం పైభాగాన ఒకచోట నలుపు రంగు చెరిగి మెరుస్తోంది. స్లైడ్ (గొట్టం మీద ముందుకు వెనక్కు జరిగే పైభాగం) లోపల రాగి రంగులో ఏదో జిడ్డు అంటుకుని ఉంది. మా బావమరిది దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "బావా, ఇది ఎవరో వాడి తిరిగిచ్చింది, నీకు అంటగట్టారు" అంటున్నాడు. దుకాణదారు వాపసు తీసుకోనంటున్నాడు. ఇది కొత్తదో పాతదో తేల్చుకోవడం ఎలా?

జవాబు: మీరు రాసిన మూడు గుర్తుల్లో ఏ ఒక్కటీ ఆ పిస్తోలు పాతదని రుజువు చేయదు. మూడోదైతే అది కొత్తదనే వైపే ఎక్కువ మొగ్గుతుంది. కారణాలు చెప్పే ముందు ఒక జాగ్రత్త. పరిశీలన కోసం పిస్తోలు తెరిచిన ప్రతిసారీ ముందుగా మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) తీసి పక్కన పెట్టండి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి మరీ నిర్ధారించుకోండి. ఈ వరుస తారుమారైతే, అంటే మ్యాగజీన్ లోపల ఉండగానే స్లైడ్ లాగి వదిలితే, ఒక తూటా బయటపడి మరొకటి చాంబర్లోకి చేరుతుంది. గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి ఈ మాట మీకు రెండింతలు వర్తిస్తుంది.

ఇక మసి సంగతి. కొత్త తుపాకి అంటే ఎన్నడూ కాల్చనిది అని మనం అనుకుంటాం గాని, పేరున్న కంపెనీ ఏదీ కాల్చి చూడకుండా పిస్తోలును బయటికి పంపదు. ఆస్ట్రియా, జర్మనీ వంటి దేశాల్లో దీనికి చట్టమే ఉంది: అక్కడ తయారైన పిస్తోలులో, మామూలు తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం కన్నా 30 శాతం ఎక్కువ పీడనం పుట్టించే తూటాను పేల్చి, తట్టుకున్నదాని మీద పరీక్ష ముద్ర కొడతారు. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్షశాల లేకపోయినా కంపెనీలు తామే కాల్చి చూస్తాయి. ఆ తర్వాత గొట్టాన్ని అద్దంలా తుడిచి పంపాలన్న నియమమేమీ లేదు. కనుక పలుచటి మసి ఉండటం సహజం.

గొట్టం పైభాగాన రంగు చెరగడం కూడా అంతే. స్లైడ్ ముందుకు వెనక్కు కదిలిన ప్రతిసారీ గొట్టం అంచు దానికి రాసుకుంటుంది. ఫ్యాక్టరీలో పరీక్షించేటప్పుడు కొంత, దుకాణంలో మీ కంటే ముందు వచ్చిన వాళ్లు చేతిలోకి తీసుకుని టకటకా లాగి చూసినప్పుడు కొంత ఆ రంగు పోతుంది. షోకేసులో నెలల తరబడి ఉన్న పిస్తోలుకు ఒక్క తూటా అదనంగా కాల్చకుండానే ఇలాంటి గీతలు పడతాయి. అది వాడిన తుపాకి కాదు, అలాగని చేయి తగలనిదీ కాదు. షోరూములో నలుగురూ ఎక్కి కూర్చున్న మోటారు సైకిలు లాంటిది. బేరమాడటానికి అది మంచి కారణమే గాని, మోసమని ఆరోపించడానికి చాలదు.

రాగి రంగు జిడ్డు గ్లాక్ వారు ఫ్యాక్టరీలో పూసే గ్రీజు. మొదటి రోజుల్లో స్లైడ్ సాఫీగా కదలడానికి దాన్ని పూస్తారు, వెంటనే తుడిచేయవద్దని వారి పుస్తకంలోనే రాస్తారు. ఎవరైనా వాడి, శుభ్రం చేసి, తిరిగిచ్చి ఉంటే ముందుగా పోయేది ఆ గ్రీజే. అందుకే నా అనుభవంలో మసి ఉన్న పిస్తోలు కన్నా, మసి గాని గ్రీజు గాని చుక్కంత లేకుండా తళతళలాడుతూ, తుపాకి శుభ్రం చేసే ఘాటైన సాల్వెంట్ వాసన వేసే 'కొత్త' పిస్తోలునే ఎక్కువ అనుమానించాలి. శ్రద్ధగా తుడిచిన చేయి ఒకటి ఉందంటే, తుడవాల్సిన పని కూడా ఒకటి ఉండి ఉంటుంది.

అయితే నిజంగా వాడిన పిస్తోలు ఎక్కడ దొరికిపోతుంది? మంచి టార్చి తీసుకుని స్లైడ్‌ను తిరగేసి, తూటా అడుగుభాగం ఆనే ఉక్కు ముఖాన్ని చూడండి. తూటాను పేల్చే సూది, అంటే ఫైరింగ్ పిన్, బయటికి వచ్చే రంధ్రం చుట్టూ ఇత్తడి రుద్దుకుని ఏర్పడే పసుపు వలయం ఉంటుంది. రెండు మూడు తూటాలకు అది ఉందా లేదా అన్నట్టు లేతగా ఉంటుంది. వందల కొద్దీ కాల్చాక చిక్కబడి, గుడ్డతో ఒకసారి తుడిస్తే పోని స్థితికి వస్తుంది. ఖాళీ షెల్‌ను (పేలిన తూటా తొడుగును) పట్టి లాగే కొక్కెం కిందిభాగంలో ఇత్తడి రజను పేరుకుందేమో సూదిమొనతో గీకి చూడండి. తూటా మ్యాగజీన్ నుంచి చాంబర్లోకి జారే వాలు మీద రాగి గీతలు దట్టంగా ఉన్నాయేమో చూడండి. మ్యాగజీన్‌ను చాలామంది మరిచిపోతారు. దాన్ని బిగించి పట్టే గాడి అంచు అరిగి ఉంటే, అది లెక్కలేనన్ని సార్లు లోపలికి బయటికి తిరిగిందని అర్థం. స్లైడ్ ముందు అంచుల్లో, రెండు మూలల దగ్గర, రంగు సమంగా పోయి తెల్లబడి ఉంటే ఆ పిస్తోలు ఒర నుంచి ఎన్నోసార్లు లోనికి బయటికి వెళ్లిందన్నమాట. పోలీసు శాఖలు కొత్తవి కొనేటప్పుడు పాతవాటిని వ్యాపారులకు ఇచ్చేస్తాయి, వాటి మీద ఈ గుర్తు దాదాపు తప్పక ఉంటుంది. చీకట్లో మెరిసే ట్రిటియం సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్న పిస్తోలు అయితే గది దీపం ఆర్పి చూడండి: ట్రిటియం సుమారు 12.3 ఏళ్లకు సగం తరిగిపోతుంది, కాబట్టి గుడ్డిగా వెలిగే సైటు తన వయసు తానే చెబుతుంది.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పకండి. మూడు నాలుగు ఒకేచోట కలిస్తే అప్పుడు అనుమానానికి బలం వస్తుంది.

ఇనుము చెప్పలేనిది కాగితం చెబుతుంది. గ్లాక్‌లో ఫ్రేము మీద, స్లైడ్ మీద, గొట్టం మీద ఒకే నంబరు ఉంటుంది. అది పెట్టె మీది చీటీతో కలవాలి. పెట్టెలో ఒక చిన్న కవరు, అందులో రెండు ఖాళీ షెల్‌లు ఉంటే కంగారు పడకండి. మేరీల్యాండ్, న్యూయార్క్ రాష్ట్రాలు ఒకప్పుడు అమ్మే ప్రతి పిస్తోలు షెల్‌నూ భద్రపరచాలని చట్టం చేశాయి. న్యూయార్క్ 2012లో, మేరీల్యాండ్ 2015లో ఆ పద్ధతిని మానుకున్నాయి గాని, కవరు పెట్టే అలవాటు ఒకనాడు అలా మొదలైంది. కవరు మీద పరీక్ష తేదీ ఉంటే అది మీకే మేలు. ఆ తర్వాత తయారీ కంపెనీ కస్టమర్ విభాగానికి ఫోన్ చేసి, నంబరు చెప్పి, పిస్తోలు ఫ్యాక్టరీ నుంచి ఏ తేదీన వెళ్లిందో అడగండి. ఆరు నెలలో, ఏడాదో వెనకటి తేదీ చెప్పినా అనుమానించనక్కర్లేదు, పెద్ద వ్యాపారుల గోదాముల్లో సరుకు అంతకాలం ఉంటుంది. నాలుగైదేళ్ల వెనకటిదైతే దుకాణదారును నిలదీయవచ్చు. లైసెన్సు ఉన్న ప్రతి దుకాణమూ ఏ తుపాకి ఎవరి నుంచి, ఏ తేదీన వచ్చిందో రిజిస్టరులో రాయాలి. ఒకసారి ఒకరికి అమ్మి వాపసు తీసుకున్నదైతే ఆ రాకపోకలు రెండూ అందులో నమోదై ఉంటాయి. ఆ రిజిస్టరు మీకు చూపించి తీరాలన్న నియమం లేదు గాని, సరుకు హోల్‌సేల్ వ్యాపారి నుంచి వచ్చిందా, మనిషి నుంచి వచ్చిందా అన్న ఒక్క ప్రశ్నకు నిజాయితీ ఉన్నవాడు తడుముకోకుండా జవాబిస్తాడు. అతను వాపసు తీసుకోననడం మాత్రం మోసానికి గుర్తు కాదు. తుపాకి కొనేటప్పుడు నింపే ఫెడరల్ పత్రం, ఫారం 4473, నింపి మీరు పిస్తోలు బయటికి తెచ్చిన క్షణం నుంచి అతనికి అది పాతదే అవుతుంది.

అన్నీ చూశాక పాతదనే తేలితే, వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం టెక్సస్ వినియోగదారుల చట్టం పేరు పెట్టి చెప్పిన మోసాల్లో ఒకటి. దావా వేసే ముందు 60 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. చాలా తగవులు ఆ నోటీసు దగ్గరే తెగిపోతాయి.

అడగని విషయం ఒకటి చెప్పక తప్పదు. మీ బావమరిది ఏ వీసా మీద ఉన్నారో మీరు రాయలేదు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పరిశీలన కోసమైనా సరే, ఆయన చేతికి ఇవ్వకుండా మీరే చూసుకోండి.

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలో నాకు లైసెన్సు ఉంది. డీలరు దగ్గర .32 రివాల్వర్ కొంటున్నాను. పై ప్రశ్నలాంటి సందేహమే నాదీ. రివాల్వర్‌లో ఏం చూడాలి?

జవాబు: సిలిండరు ముందువైపు చూడండి. కాల్చిన ప్రతి గది నోటి చుట్టూ ఒక నల్లటి వలయం పడుతుంది. ఫ్యాక్టరీ పరీక్ష వల్ల లేత వలయాలు ఉండవచ్చు, అవి గట్టిపడి పొరలుగా ఉంటే వాడకమే. సిలిండరు చుట్టూ సన్నని గీత దాదాపు ప్రతి రివాల్వర్‌కూ మొదటి రోజు నుంచే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. పక్క పలక స్క్రూల గాడులు చెదిరి ఉంటే మాత్రం ఎవరో విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగండి.

పేరు చూసి పాత కొత్త తేల్చకండి. వెబ్లీ అండ్ స్కాట్ అనగానే తాతల కాలం నాటి ఇంగ్లండు సరుకు గుర్తొస్తుంది గాని, 2020 నుంచి ఆ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా సండీలాలోనూ .32 రివాల్వర్లు తయారవుతున్నాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్ర ఉన్నదాన్ని 'కొత్తది' అంటూ చూపిస్తే నిదానించండి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా పాత వస్తువును కొత్తదని అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే పరిగణిస్తుంది. అందుకే బిల్లు మీద 'కొత్తది' అన్న మాట, తుపాకి నంబరు రెండూ రాయించుకుని, ఆ నంబరే మీ లైసెన్సు పుస్తకంలోకి ఎక్కిందో లేదో అంకె అంకె సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.