పక్క కుర్చీలో మాస్టారు అడిగిన ప్రశ్న

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్యాన్సర్‌తో నాన్నగారు పోయి ఆరు నెలలైందని, ఆయన పేరు మీద ఏటా కొంత ఇవ్వాలనుకుంటున్నామని రాశారు. రోగనిరోధక వ్యవస్థతో క్యాన్సర్‌ని ఎదుర్కొనే పరిశోధనకు ఇవ్వాలా, చికిత్సకు డబ్బుల్లేని రోగికి ఇవ్వాలా అని అడిగారు. మనలాంటి వాళ్లిచ్చే చిన్న మొత్తం అంత పెద్ద పరిశోధనలో ఏ మూలకి అని కూడా అన్నారు. నేను డాక్టర్‌ని కాదు. మా అక్కకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు రెండేళ్లు పక్కన కూర్చున్నదాన్ని. ఆ తరువాత మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. ఆరేళ్లుగా ఇస్తున్నాం. మాకు తెలిసివచ్చింది చెబుతాను.

అక్కకి జబ్బు బయటపడేసరికే నాలుగో దశ. డాక్టర్ గారు కీమోతో కాకుండా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో, అంటే రోగనిరోధక వ్యవస్థతోనే పని చేయించే మందుతో, మొదలుపెట్టారు. మూడు వారాలకొకసారి వెళ్లాలి, అరగంట డ్రిప్ ఎక్కించుకుని రావాలి. పక్క కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కూర్చునేవారు. అదే జబ్బు, అదే దశ, అదే మందు. ఇద్దరికీ ఒకే వారంలో మొదలైంది. ఈ మందు ఎవరికి పని చేస్తుందో అంచనా వేయడానికి గడ్డలోంచి తీసిన ముక్క మీద పీడీ-ఎల్1 అనే పరీక్ష చేస్తారు. అందులో అక్క కంటే మాస్టారికే ఎక్కువ శాతం వచ్చింది. ఆ లెక్కన ఆయనకే ఇంకా బాగా పని చేయాలి.

మూడో నెల స్కాన్‌లో అక్క గడ్డలు సగానికి సగం తగ్గాయి. మాస్టారివి పెరిగాయి, కాలేయంలో కొత్తగా రెండు కనిపించాయి. ఆ రోజు ఆయన అక్క వైపు తిరిగి, "మీకు తగ్గిందట కదమ్మా, చాలా సంతోషం" అన్నారు. కాసేపాగి, ఎవరినీ అడగనట్టుగా, "సీసా ఒకటే కదా, మరి నాకెందుకు పని చేయలేదు?" అన్నారు. అక్కకి నోట మాట రాలేదు. తరువాత నేను డాక్టర్ గారిని అదే అడిగితే, "దానికి జవాబు కోసమే ప్రపంచంలో ఇంతమంది పని చేస్తున్నారమ్మా" అన్నారు. మాస్టారు ఆ ఏడాది దాటలేదు. మేం పరిశోధనకు ఇవ్వడం మొదలుపెట్టింది ఆయన ప్రశ్న కోసం.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. క్యాన్సర్‌ని మన ఒంటి కాపలా వ్యవస్థ పట్టుకోలేకపోవడానికి ఒక ముఖ్య కారణం అదే. అది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు, మన కణమే దారి తప్పి పెరిగినది. అయినా ఆ కాపలా వ్యవస్థలోని టి-కణాలు అనే తెల్ల రక్తకణాలు చాలాసార్లు తేడా గుర్తుపడతాయి. అయితే ఆ టి-కణాలు అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడకుండా వాటికి సహజంగా బ్రేకులుంటాయి. అలాంటి బ్రేకుల్లో ఒకటి సీటీఎల్ఏ-4, ఇంకొకటి పీడీ-1. కొన్ని గడ్డలు తమ పైన పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ని పెట్టుకుని, దగ్గరికొచ్చిన టి-కణం బ్రేకుని తామే నొక్కుతాయి. అక్కకి ఎక్కించిన మందు గడ్డని నేరుగా చంపేది కాదు, ఆ బ్రేకు నొక్కకుండా అడ్డం పడేది. బ్రేకు వదిలితే బండి ఎటైనా పోవచ్చు కాబట్టి దుష్ప్రభావాలూ ఆ దారిలోనే వస్తాయి. అక్కకి ఏడో నెలలో థైరాయిడ్ దెబ్బతింది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. కొందరికి పెద్దపేగు వాస్తుంది, కొందరికి ఊపిరితిత్తులు, అరుదుగా గుండె కూడా. ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి కీడు చేస్తుంది అన్నది ముందే కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష ఇంకా లేదు. మాస్టారి ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

చిన్న మొత్తం సంగతికి వస్తాను. ఈ రంగం చరిత్ర కాస్త చదివాక నాకున్న సందేహం పోయింది. 1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్, చర్మానికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకిన తరువాత ఒక రోగి గడ్డ దానంతటదే మాయమైన సంగతి ఆసుపత్రి రికార్డుల్లో చూసి, క్యాన్సర్ రోగులకు కావాలనే ఆ బ్యాక్టీరియాని ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి నయమైంది, చాలామందికి కాలేదు. ఎందుకో ఆయనకీ తెలియదు. రేడియేషన్ వచ్చాక ఆ పద్ధతిని చాలామంది పక్కన పెట్టేశారు. 1936లో ఆయన పోయిన తరువాత కూతురు హెలెన్ కోలీ నాట్స్ ఆ కాగితాలన్నీ ముందేసుకుని, వందల కొద్దీ రోగుల వివరాలు ఓపిగ్గా పోగుచేసింది. ఆమె వైద్యం చదువుకోలేదు. 1953లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ అనే సంపన్నుడు ఇచ్చిన 2,000 డాలర్లతో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థని మొదలుపెట్టింది. అంటే తండ్రి పని మీద నమ్మకంతో ఒక కూతురు పట్టుకున్న పని అది. మీరు నాన్నగారి గురించి రాసింది చదివినప్పుడు నాకు ముందు ఆమే గుర్తొచ్చింది.

ఆ సంస్థకి 1971 నుంచి శాస్త్రీయ సారథ్యం వహించిన లాయిడ్ ఓల్డ్, అంతకు ముందే 1959లో, క్షయ టీకాగా మనందరికీ తెలిసిన బీసీజీ ఎలుకల్లో గడ్డల్ని అడ్డుకుంటుందని తన సహచరులతో కలిసి చూపించాడు. మూత్రాశయ క్యాన్సర్‌లో బీసీజీ వాడకం గురించి 1976లో అల్వారో మొరాలెస్ బృందం ప్రకటించింది. పైపైన ఉండే దశలో గడ్డ మళ్లీ రాకుండా ఇప్పటికీ ఆ బీసీజీనే మూత్రాశయంలోకి ఎక్కిస్తున్నారు.

బ్రేకుల కథ ఇంకా పొడుగు. పీడీ-1ని జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో కనుక్కుంది. దాన్ని అడ్డుకునే మందులు రోగులకి అనుమతి పొందింది 2014లో. సీటీఎల్ఏ-4ని అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని జేమ్స్ అలిసన్ బృందం 1996లో చూపిస్తే, మందు వచ్చింది 2011లో. ఆ ఇద్దరికీ 2018లో నోబెల్ ఇచ్చారు. ఒకదానికి 22 ఏళ్లు, ఇంకొకదానికి 15 ఏళ్లు. మందు వచ్చేలోపు గడిచిన ఈ కాలం గురించి నేను చాలా ఆలోచించాను. లాభం కనుచూపు మేరలో లేని రోజుల్లో కంపెనీలు డబ్బు పెట్టడానికి వెనకాడతాయి. ప్రభుత్వ నిధులిచ్చే కమిటీలు కూడా ముందే కొంత ఫలితం చూపించమంటాయి. ఆ మొదటి ఫలితం చూపించడానికే డబ్బు ఉండదు. విరాళం నిజంగా పనికొచ్చేది అక్కడే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో బార్బరా, ఎడ్వర్డ్ నెట్టర్ అనే దంపతులు, కోడలు రొమ్ము క్యాన్సర్‌తో పోయాక, 2001లో జన్యు చికిత్స పరిశోధన కోసం ఒక సంస్థ పెట్టారు. రోగి టి-కణాల్నే బయటికి తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా మార్చి, మళ్లీ ఎక్కించాలనుకున్న కార్ల్ జూన్ బృందానికి తొలి రోజుల్లో డబ్బిచ్చిన వాళ్లలో వాళ్లున్నారు. 2010లో ఆ చికిత్స తీసుకున్న మొదటి ముగ్గురు రక్తక్యాన్సర్ రోగుల్లో ఇద్దరికి జబ్బు పూర్తిగా పోయింది. ఆ కణాలు పదేళ్ల తరువాత కూడా వాళ్ల ఒంట్లో కాపలా కాస్తున్నాయని 2022లో ప్రచురించారు. ఇప్పుడు సీఏఆర్-టి అని పిలుస్తున్న చికిత్స అదే. కోడల్ని తీసుకుపోయింది రొమ్ము క్యాన్సర్, వాళ్ల డబ్బు ముందుగా నిలబెట్టింది రక్తక్యాన్సర్ రోగుల్ని. పరిశోధనకు ఇచ్చే వాళ్లు దీనికి ముందే సిద్ధపడాలి. నాన్నగారి జబ్బుకే మందు కనుక్కుంటారని పట్టుబడితే మీకు నిరాశే మిగులుతుంది.

నెట్టర్ దంపతుల స్థోమత మనకు లేదు కదా అంటారేమో. నిజమే. అయితే ఇలాంటి సంస్థలు చాలావరకు అందరి దగ్గరా వచ్చినది కలిపి, యువ పరిశోధకులకు రెండు మూడేళ్ల జీతం రూపంలో ఇస్తాయి. డాక్టరేట్ అయిపోయి, సొంత ల్యాబ్ ఇంకా రాని వయసు అది. కొత్త ఆలోచనలు వచ్చేదీ అప్పుడే, డబ్బుల్లేక రంగం వదిలిపోయేదీ అప్పుడే. మేమిచ్చేది అలాంటి ఒకరి జీతంలో కొన్ని రోజులకి సరిపోతుందేమో. ఆ కొన్ని రోజులు చాలనుకున్నాం. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి ఆగిపోయే కంటే, తక్కువైనా ఏటేటా ఇస్తేనే వాళ్లకి మేలని కూడా తెలిసింది. వచ్చే ఏడు ఎంత వస్తుందో తెలిస్తేనే కదా మూడేళ్ల పనికి మాటివ్వగలరు.

రోగికా, పరిశోధనకా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు తెలిసిన మనిషి డబ్బుల్లేక చికిత్స ఆపేసే పరిస్థితిలో ఉంటే ముందు ఆ మనిషికివ్వండి. అక్కడ రెండో ఆలోచన వద్దు. మేం కూడా రెండేళ్లు పరిశోధనకు ఇవ్వకుండా ఒక చిన్నబ్బాయి వైద్యానికి ఇచ్చాం, దానికి బాధ లేదు. అలాంటి వాళ్లు కళ్ల ముందు లేనప్పుడు మాత్రం పరిశోధనకే ఇస్తాను. ఈరోజు రోగికి సాయం చేసేవాళ్లు ఎలాగో కొంతమంది దొరుకుతారు. పదిహేనేళ్ల తరువాత రాబోయే రోగి కోసం అడిగేవాళ్లుండరు, ఆ మనిషెవరో ఇంకా ఎవరికీ తెలియదు కాబట్టి.

ఎవరికివ్వాలన్న విషయంలో మేం ఒకసారి దెబ్బతిన్నాం. మొదట్లో అక్క రిపోర్టు బాగా వచ్చిన ఆనందంలో, ఫోన్ చేసి అడిగిన ఒక సంస్థకి వివరాలు చూడకుండా ఇచ్చేశాం. ఆ తరువాత వారం వారం ఫోన్లు. మా డబ్బుతో ఏ పని జరిగిందని అడిగితే మాత్రం జవాబు లేదు, ఏడుస్తున్న పిల్లల ఫొటోలతో ఇంకో కరపత్రం వచ్చింది. అప్పటి నుంచి ముందు వార్షిక లెక్కలు చూస్తాను. ఎంత వచ్చింది, అందులో పరిశోధనకి ఎంత వెళ్లింది అన్నది స్పష్టంగా ఉండాలి. ఏ పరిశోధనకి ఇవ్వాలో ఎవరు తేలుస్తారని అడుగుతాను. అదే రంగంలో పని చేస్తూ, ఆ దరఖాస్తుతో సొంత లాభం లేని శాస్త్రవేత్తలు చదివి తేల్చాలి. నేను తప్పకుండా అడిగేది ఇంకొకటుంది: "మీరు డబ్బిచ్చిన వాటిలో విఫలమైనవి ఏమిటి?" ఒక సంస్థలో ఒకావిడ ఈ ప్రశ్నకి అరగంట ఓపిగ్గా జవాబు చెప్పారు. ఫలానా టీకా ఎలుకల్లో పని చేసి మనుషుల్లో చేయలేదని, దాన్ని కూడా ప్రచురించామని, దానివల్ల ఇంకొకరు అదే దారిలో పోకుండా ఆగారని. మేం ఇప్పటికీ వాళ్లకే ఇస్తున్నాం. అన్నీ విజయాలే అని చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఇంకో జాగ్రత్త. ఇమ్యూనిటీ పెంచుతామంటూ పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు కూడా క్యాన్సర్ సేవ పేరుతో విరాళాలడుగుతారు. ఇందాక చెప్పినట్టు అసలు విషయం శక్తి పెంచడం కాదు. ఏ బ్రేకు ఎక్కడ వదలాలి, ఏ కణానికి ఏం గుర్తుపట్టడం నేర్పాలి అన్నది. ఈ తేడా చెప్పలేని వాళ్లకి ఒక్క పైసా ఇవ్వకండి.

డబ్బు కాక ఇవ్వగలిగింది ఇంకోటి ఉంది. అక్క వైద్యం మధ్యలో ఒక రీసెర్చ్ నర్సు వచ్చి, బయాప్సీలో మిగిలిన ముక్క, అప్పుడప్పుడు ఒక ట్యూబు రక్తం పరిశోధనకు ఇస్తారా అని అడిగింది. పేరు తీసేసి నంబరు వేస్తారు, ఎప్పుడైనా వద్దనవచ్చు, ఇవ్వకపోయినా వైద్యంలో తేడా రాదు అని కాగితం చదివి వినిపించింది. అక్క సంతకం పెట్టింది. పక్క కుర్చీలో మాస్టారూ పెట్టారు. అప్పటికే ఆయనకి మందు పని చేయలేదని తెలుసు. "నాది పని చేయని కేసు కదమ్మా, మీకు ఉపయోగముంటుందా?" అని అడిగితే ఆ అమ్మాయి, "మీదే ఎక్కువ అవసరం సార్, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా తేడా తెలిసేది" అంది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని ప్రతి పేజీ చదివి, తేదీ కూడా వేసి ఇచ్చారు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలనిపించింది. నాన్నగారికి బయాప్సీ గానీ ఆపరేషన్ గానీ జరిగి ఉంటే, ఆ ముక్కని మైనంలో నిలవ చేసిన బ్లాక్ ఆసుపత్రి పాథాలజీ విభాగంలో ఇంకా ఉండే అవకాశం ఉంది. సాధారణంగా వాటిని ఏళ్ల తరబడి ఉంచుతారు. కుటుంబం అనుమతిస్తే పరిశోధనకు తీసుకుంటారా అని ఒకసారి కనుక్కోండి. అన్నిచోట్లా తీసుకోరు, నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. తీసుకునే చోటైతే మీరు సంతకం పెట్టేముందు మీ అమ్మగారినీ ఒక మాట అడగండి. మా అక్క వచ్చే నెల స్కాన్‌కి వెళ్తోంది, ఆ రీసెర్చ్ నర్సు ఇంకా అక్కడే ఉంది. ఇలాంటప్పుడు కుటుంబం ఏ కాగితాలు తీసుకెళ్లాలో ఆమెని అడిగి, ఇక్కడే కింద రాస్తాను.