కొవ్వులోని రోగనిరోధక కణాలపై పరిశోధన: పీజీలో ఏం చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఊబకాయంపై పరిశోధన చేయాలనుంది. కొవ్వులో ఉండే రోగనిరోధక కణాల వల్లే మధుమేహం వస్తుందని ఈమధ్య చదివాను. పీజీలో న్యూట్రిషన్ తీసుకోవాలా, ఇమ్యునాలజీ తీసుకోవాలా?

జవాబు: ఇమ్యునాలజీ తీసుకోండి. అయితే మీరు చదివింది సగమే నిజం. సన్నగా ఉన్నవారి కొవ్వులోనూ ఈ కణాలు ఉంటాయి. రెగ్యులేటరీ టీ కణాలు, ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ వాపు రాకుండా కాపు కాస్తాయి. ఒళ్లు పెరిగేకొద్దీ ఆ పొందిక చెడుతుంది. ఉబ్బిపోయి చనిపోతున్న కొవ్వు కణం చుట్టూ, చచ్చిన కణాలను మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు కిరీటంలా మూగుతాయి. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు పెంచే ప్రోటీన్ ఎక్కువగా తయారై ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని 1993లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం చూపింది. అందులో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌ల నుంచే వస్తోందని తేలింది మాత్రం 2003లో. కణాలను విడదీసి గుర్తుపట్టడం అంత కష్టం! అందుకే నా ఓటు ఇమ్యునాలజీకి.

ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందో చెబుతాను. కొవ్వును కత్తెరతో సన్నగా తరిగి, కొలాజినేజ్ ఎంజైమ్‌లో 37 డిగ్రీల దగ్గర ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొవ్వు కణాలు పైకి తేలతాయి. మీకు కావాల్సినవి ట్యూబు అడుగున చిన్న ముద్దలా దిగుతాయి. ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే కణాలను గుర్తుపట్టేందుకు ఆధారమైన, వాటి పైనుండే ప్రోటీన్లే తెగిపోవచ్చు. పైగా ఈ మాక్రోఫేజ్‌లు ఏ రంగూ వేయకుండానే, కణాలను లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో మెరుస్తాయి. రంగు వేయని నమూనాను పక్కన పెట్టి పోల్చకపోతే, ఆ మెరుపునే ఫలితం అనుకుంటారు. ఈ ఒక్క పరికరంపై పట్టు సాధిస్తే పీహెచ్‌డీకే కాదు, ఎంఎస్సీ తర్వాత ఫార్మా ఉద్యోగాలకూ పనికొస్తుంది.

అలాగని మెటబాలిజాన్ని వదిలేయకండి. మధుమేహం ఉన్నవారికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులిచ్చి చూసిన తొలి పరీక్షల్లో ఇన్సులిన్ పనితీరు ఆశించినంత మెరుగుపడలేదు. ఎలుకల్లో కనిపించింది మనుషుల్లో ఎందుకు కనిపించలేదో ఆలోచించాలంటే కాలేయం, కండరాలు గ్లూకోజ్‌ను ఎలా వాడుకుంటాయో తెలిసి తీరాలి. వీలుంటే హార్మోన్ల శాస్త్రమైన ఎండోక్రైనాలజీని ఎలెక్టివ్‌గా పెట్టుకోండి. ఇప్పటినుంచే రోజూ కాసేపు ఆర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. సింగిల్-సెల్ డేటా (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే సమాచారం) చదవడానికి అది అక్కరకొస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు కన్నా ముందు అక్కడి సీనియర్లను ఒక్క మాట అడగండి: ఫ్లో సైటోమీటర్‌ను విద్యార్థుల చేత నడిపిస్తారా, దూరం నుంచి చూపిస్తారా?